చిసాలా పాటకు బేస్

మొదట చిసాలా పోయాడు. ఆ ఏడుపు ఆరకముందే మలామాకు పక్షవాతం వచ్చింది. ఆ వచ్చేదేదో మంచంలో పడుకున్నప్పుడు రాకూడదా? బేస్ గిటార్ ముందు పెట్టుకుని, పోయిన స్నేహితుడి పాటే మెల్లగా మీటుకుంటున్న మనిషిని సరిగ్గా దాని మీదికే బోర్లా తోసింది. గిటార్ దండి విరిగింది, తోలు చిరిగింది. కుడిచెయ్యి పోయింది, కుడికాలు పోయింది, నోరు పోయింది. దయతలచి ఎడంచెయ్యి ఒక్కటి వదిలిపెట్టింది.

బాంగ్వేలు సరస్సు ఒడ్డున, ఇటు సంఫ్యా దాకా, అటు దీవుల దాకా, పెళ్లయినా చావయినా చిసాలా గొంతు, మలామా బేస్ ఉండాల్సిందే. బేస్ అంటే కొట్లో కొనుక్కొచ్చింది కాదు, బోలు చెక్కబుర్రకు తోలు బిగించి, దండి మీద తీగలు కట్టింది. మా రేవుల్లో బేస్ ఎవరిది వాళ్లే చేసుకుంటారు. చేతకానివాళ్లు మలామా గడపలో కూర్చుని చేయించుకుంటారు. ఆ చేసే చెయ్యి ఇప్పుడు ఒళ్లో చచ్చిన చేపలా పడి ఉంది.

చెయ్యి పోయినందుకు కూడా మలామా అంత ఏడవలేదు. అతణ్ణి తినేస్తున్నది ఇచ్చిన మాట. చిసాలా మంచం పట్టి ఉన్నప్పుడు, మనవడి వరసైన సాంపా పక్కన కూర్చుని నీళ్లు తాగిస్తుంటే, మలామా చెయ్యి పట్టుకుని చిసాలా అన్నాడు.

"నా పేరు ఎవడికి కట్టబెడతారో నాకనవసరం రా. కట్టబెట్టే రోజున మాత్రం నా పాట పాడాలి, దాని కింద నీ బేస్ మోగాలి. బేస్ లేకుండా పాడారో, లేచొచ్చి మరీ తంతా."

సరేలే పడుకో అన్నాడు మలామా. అప్పుడు నోరుంది మరి, ఎంత మాటైనా ఇచ్చేసింది.

చచ్చిన మనిషి పేరును మేం గోతిలో వదిలెయ్యం. వానలు వెనకబట్టి చలి దిగాక, చుట్టాల్లో ఒకణ్ణి చాప మీద కూర్చోబెట్టి, మెడలో తెల్లపూసలు వేసి, పోయినవాడి విల్లు చేతికిచ్చి, నీళ్లు తాగిస్తాం. చాప మీద నుంచి లేచేటప్పటికి వాడే పోయినవాడు. చిసాలా పేరు సాంపాకే అని పెద్దవాళ్లు ఖాయం చేశారు. సాంపా సంఫ్యా బస్సులో కండక్టరు, పాతికేళ్లు కూడా ఉండవు, నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే రకం. చలికాలం దగ్గర పడుతోంది. బేస్ లేదు. చేసేవాడికి చెయ్యి లేదు, ఎలా చెయ్యాలో చెప్పడానికి నోరూ లేదు.

అప్పుడు వచ్చింది లోంబే. మలామా అక్క కూతురు, సంఫ్యా సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. మేనమామ కళ్లలో నీళ్లు చూసి, పక్కన కూలబడి, తను చేస్తానంది. ఆవిడ చేతుల్లో బలం ఉంది, కాదనను. కానీ చేప పొట్ట కొయ్యడం తప్ప ఆ చేతులు ఉలి పట్టి ఎరగవు. మలామా భార్య ముకూకా నవ్వాపుకోలేక గుమ్మానికి ఆనుకుంది. లోంబే పట్టించుకోలేదు. ఒక చెంచా, ఒక ఇనప పళ్లెం తెచ్చి మలామా ఎడంచేతి దగ్గర పెట్టింది.

"మావయ్యా, నేను తప్పు చేస్తుంటే పళ్లెం మీద కొట్టు. సరిగ్గా చేస్తుంటే ఊరుకో. అంతే. నీకూ నాకూ ఈ భాష చాలు."

చాలలేదు. అసలు తంటా అక్కడే ఉంది. ఆ చెంచాకు కాదనడం ఒక్కటే తెలుసు. ఎలా చెయ్యాలో చెప్పలేదు, ఎందుకు కూడదో చెప్పలేదు. మొదటిరోజు లోంబే దండి కోసం అడవిలోంచి నిటారైన కొమ్మ ఒకటి నరుక్కొచ్చింది. పాలు కారుతున్న పచ్చికొమ్మ. మలామా పళ్లెం అదిరేలా కొట్టాడు. ఇంకాస్త లావుది తెచ్చింది. కొట్టాడు. సన్నది తెచ్చింది. కొట్టాడు. ఒసే పిచ్చిదానా, లావూ సన్నం కాదే, పచ్చిది పనికిరాదే, పచ్చికర్ర తీగ కట్టిన మర్నాటికి విల్లులా వంగిపోతుందే అని లోపల నెత్తీ నోరూ బాదుకున్నాడు. పైకి వచ్చింది "మే" అన్న ముక్క ఒక్కటే. జబ్బు చేసినప్పటి నుంచీ ఏం చెప్పబోయినా ఆ ముక్కే వస్తుంది. ముకూకా పరుగున వచ్చి గంజి తాగించింది.

చివరికి లోంబే విసుగెత్తి, చేతిలో కత్తి పారేసి, లేచి వెళ్లి వంటింట్లో రోకలి అందుకుంది. మామ మీద కోపం పిండి మీద చూపిద్దామనుకుంది కాబోలు. మలామా ఎడంచెయ్యి గాల్లోకి లేచి అలాగే నిలబడిపోయింది. చెంచా పళ్లెం మీద పడలేదు. లోంబే రోకలి వంకా మామ వంకా చూసింది. ఇదా అని అడిగింది. చప్పుడు లేదు. ఏళ్ల తరబడి ఎండి, కర్రపెండలం దంచీ దంచీ రాయిలా అయిన రోకలి. అంతకంటే మంచి దండి ఎక్కడ దొరుకుతుంది?

"ఏమయ్యా, రేపు పిండి దేంతో దంచను, నీ తలకాయతోనా?" అంది ముకూకా. అన్నదే గాని అడ్డుపడలేదు. బుర్ర కోసం కూడా ఊరంతా తిరగనక్కర్లేకపోయింది. పెరట్లో అడుగు పగిలిన చెక్క రోలు ఒకటి కోళ్లు గుడ్లు పెట్టడానికి పడి ఉంది. లోంబే కోడిని అదిలించి దాన్ని ఎత్తుకొచ్చింది. పళ్లెం మోగలేదు. పెంకు పల్చబడేదాకా బాడిసతో లోపలా బయటా చెక్కింది. రోకలిని రోలు అంచుకు ఆనించి మేకులు కొట్టబోతే మాత్రం పళ్లెం సొట్టపడేలా మోగింది. దండి బుర్రను ఈ పక్క నుంచి ఆ పక్కకు దూసుకుపోవాలి, తీగల లాగుడంతా దండే మొయ్యాలి, బుర్ర మీద పడకూడదు. ఆ సంగతి లోంబేకు తెలియడానికి పూట పట్టింది. తెలిసినప్పుడు, "ఓ, లోపలికా!" అని నుదురు కొట్టుకుని నవ్వింది. మలామా కూడా సగం మూతితో నవ్వాడు. తీగల కోసం తన సైకిలు బ్రేకు కేబులు విప్పి పోగులు తీసింది. ఆ తర్వాత సంతకు ఎలా వెళ్లిందో, పల్లంలో ఎలా ఆపిందో దేవుడికే తెలియాలి.

తోలు తెచ్చింది కపెంబ్వా. ఇతని గురించి చెప్పాలి. మలామాది, పోయిన చిసాలాది మేక గోత్రం. కపెంబ్వాది చిరుత గోత్రం. ఈ రెండు గోత్రాలకూ పరాచికాల చుట్టరికం. చిరుతవాడు మేకవాణ్ణి ఏమన్నా అనొచ్చు, వాడి పళ్లెంలో చెయ్యి పెట్టొచ్చు, శవం పక్కన కూడా వెక్కిరించొచ్చు. మేకవాళ్ల చావుల్లో, పేరు పెట్టే పండగల్లో చాకిరీ అంతా చిరుతవాళ్లదే, పెత్తనమూ వాళ్లదే. వాళ్లు చేసినదానికి కోపం తెచ్చుకుంటే తెచ్చుకున్నవాడిదే తప్పు. కపెంబ్వా మంచివాడు. మలామాకు జబ్బు చేశాక ఊరంతా జాలిపడుతూ వస్తే, ఇతనొక్కడే గడపలో నిలబడి, మేక గోత్రపువాడు ఇన్నాళ్లకు సొంత భాష మాట్లాడుతున్నాడు అన్నాడు. ఆ రోజు మలామా కడుపారా నవ్వాడు. ఇప్పుడు తోలు తెచ్చి లోంబే ముందు పరిచాడు.

"ఇదిగోనమ్మా, మీ పెద్దమ్మ. పోతూ పోతూ మిమ్మల్నే తలుచుకుంది."

"మా పెద్దమ్మను తిని తోలు తెచ్చావా? సిగ్గులేని చిరుతవి" అంది లోంబే, తోలు అందుకుంటూ.

నానబెట్టడం, బూడిద రాసి బొచ్చు గీకడం, ఎదురెదురు అంచులు ఒకేసారి లాగి మేకులు దిగ్గొట్టడం, వీటిలో ఏ ఒక్కటీ లోంబే మొదటిసారికి సరిగ్గా చెయ్యలేదు. పళ్లెం మోగుతూనే ఉంది. ఎండలో ఆరబెట్టబోతే మోగింది, నీడకు జరిపితే ఆగింది. తీగల కింద పెట్టే చెక్క గుర్రాన్ని మేకుతో బిగించబోతే మోగింది, ఊరికే ఆనించి వదిలేస్తే ఆగింది. పాపం, ఆ రోకలి రోజు తప్పితే మళ్లీ ఒక్కసారి కూడా విసుక్కోలేదు ఆ పిల్ల. తప్పు చెయ్యడం, చప్పుడు వినడం, ఇంకోలా చెయ్యడం. ఇన్నేళ్లలో మలామా దగ్గర పని నేర్చుకుంటామని వచ్చిన మగాళ్లు ఒక్కరూ ఇంత ఓపిక పట్టలేదు.

పండగకు ముందు రోజు సాయంత్రం లోంబే బేస్‌ను చాప పక్కన నిలబెట్టి లావు తీగ మీటింది. ఆ మోత చెవికి రాకముందే నేలకు దిగింది. నేలలోంచి మలామా చచ్చిన కాలి అరికాల్లోకి వచ్చింది. వచ్చిందనుకున్నాడు. నిజంగా వచ్చిందో, ఆశ కొద్దీ అనిపించిందో ఎవరికి తెలుసు. కళ్లు మూసుకుని, చిసాలా, విన్నావురా అనుకున్నాడు.

అయితే ఇంకొక్క మాట చెప్పడం మిగిలిపోయింది. ఆ మాట తలుచుకుంటే మలామాకు ఆ రాత్రి నిద్ర పట్టేలా లేదు.

మా రేవుల్లో డప్పు కొట్టడం చేతకాని మనిషి లేడు. డప్పు మెత్తబడితే ఏం చెయ్యాలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఎండుగడ్డి మంట వేసి తోలు కాస్తారు. అది ఆలోచించి చేసే పని కాదు, చేతులకే అలవాటు. కానీ బేస్ డప్పు కాదు. దాని తోలు మీద గుర్రం ఉంది, గుర్రాన్ని తొక్కుతూ తీగలున్నాయి. నిప్పు చూపిస్తే తోలు బిగుసుకుంటుంది, తీగలు వదలవు, మధ్యలో నలిగేది తోలే. చలికాలం పొద్దున మంచుకు బేస్ మెత్తబడితే తీగలు వదులు చేసి ఎండ వచ్చేదాకా ఊరుకోవాలి. ఇంతే సంగతి. లోంబే ఎప్పుడూ నిప్పు దగ్గరికి తీసుకెళ్లలేదు గనక పళ్లెం మోగే అవసరం రాలేదు. చెయ్యని తప్పుకు చెంచా ఏం చెబుతుంది?

చెప్పడానికి చేతనైనంతా చేశాడు. పొయ్యి వైపు చూపించి, బేస్ వైపు చూపించి, పళ్లెం మీద కొట్టాడు. చలేస్తోందా అని ముకూకా అతని చాపను పొయ్యి దగ్గరికి లాగింది. లోంబే, మామకు బేస్ పక్కనే ఉండాలి కాబోలని, దాన్ని కూడా తెచ్చి పొయ్యి దగ్గరే పెట్టబోయింది. మలామా ప్రాణం గిలగిల్లాడింది. పళ్లెం వాయించి వాయించి చెంచా వంకరపోయింది. ఆఖరికి పొయ్యిలోంచి కొరివి లాగి బేస్ వైపు చాపి, "మే, మే" అని తల అడ్డంగా ఊపాడు. ముకూకా లబోదిబోమంటూ కొరివి లాక్కుంది. ఇంత కష్టపడి చేసినదాన్ని తగలబెట్టబోయాడని, జబ్బు బుర్రకు కూడా ఎక్కిందని కళ్లు తుడుచుకుంది. లోంబే మాత్రం ఏడవలేదు. మామ ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏదో అందబోయి జారిపోయినట్టు నొసలు ముడిచి, బేస్‌ను తీసుకెళ్లి అవతలి గదిలో పెట్టింది. మలామా చెంచా కింద పెట్టి గోడ వైపు తిరిగాడు.

పండగ రోజు పొద్దున సరస్సు మీద నుంచి పొగమంచు ఊరిని కమ్మేసింది. చిసాలా ఇంటి ముందు మామిడిచెట్టు కింద మలామా చాప వేశారు, పక్కనే బేస్ నిలబెట్టారు. రాగులతో కాచిన కటూబి కల్లు కుండలు వరసగా పెట్టి ఉన్నాయి. చిరుత గోత్రంవాళ్లు వాకిలి ఊడుస్తున్నారు, కట్టెలు మోస్తున్నారు, మేకవాళ్లను నోటికొచ్చినట్టు తిడుతున్నారు. అవతల డప్పులవాళ్లు గడ్డి మంట వేశారు. లోంబే బేస్ మీటి చూసింది. తడిగుడ్డ మీద కొట్టినట్టు చప్పగా పలికింది. మామ వైపు చూసింది. ఏం కాదు, ఎండ రానీ అన్నట్టు మలామా కళ్లతో ఆకాశం చూపించాడు. ఈసారి ఆమెకు అర్థమయింది. తల ఊపింది. అంతలో ఇంట్లోంచి పిలుపు వచ్చింది, సాంపాకు తాగించే నీళ్ల చిప్ప మేక గోత్రపు ఆడపడుచు పట్టుకోవాలని. ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్లింది.

కపెంబ్వా అప్పుడే వచ్చాడు. వచ్చి, ఒక తీగ లాగి చూశాడు.

"అయ్యో, మేకకు చలేస్తోంది" అన్నాడు.

బేస్‌ను భుజానికెత్తుకుని గడ్డి మంట వైపు నడిచాడు.

మలామా పళ్లెం ఇంటి దగ్గరే ఉండిపోయింది. పండగకు పళ్లెం ఎందుకని ముకూకా తేలేదు. ఎడంచేత్తో నేల మీద కొట్టాడు, మట్టి చప్పుడు చెయ్యలేదు. లేవబోయి పక్కకు ఒరిగిపోయాడు. నోరు తెరిచి, ఒంట్లో ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు. "మే! మే!"

వాకిలంతా గొల్లుమంది. చిరుత గోత్రం ఆడవాళ్లు కట్టెలు కింద పడేసి నవ్వారు. మేక గోత్రంవాళ్లూ నవ్వారు, నవ్వకపోతే తప్పు గదా. కపెంబ్వా వెనక్కి తిరిగి, నవ్వుతూ, "అరవకు మలామా, నీ పిల్లను ఎత్తుకుపోవడం లేదు, వెచ్చబెట్టి తెస్తా" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో! మలామా అరుస్తూనే ఉన్నాడు. అరిచినకొద్దీ నవ్వారు. ముకూకా ఒక్కతి నవ్వలేదు. వచ్చి అతణ్ణి లేపి కూర్చోబెట్టి, పండగ పూట ఏమిటయ్యా ఇది అని మూతి తుడిచింది.

కపెంబ్వా తోలును మంటకు చూపించి, అలవాటు కొద్దీ అరచేత్తో నిమురుతూ తిప్పాడు. లావు తీగ మీటి చూశాడు. ఖంగుమంది. అందరూ శభాష్ అన్నారు. ఇంకొంచెం అని మళ్లీ చూపించాడు. అప్పుడు ఠప్పుమంది. తోలు గుర్రం కింద మొదలై అంచు దాకా చీలిపోయింది. గుర్రం ఎగిరి బూడిదలో పడింది. తీగలు నాలుగూ వేలాడిపోయాయి. మలామాకు నోరు మూసుకోవడం కూడా గుర్తులేదు.

లోంబే నీళ్ల చిప్పతో బయటికి వచ్చి చూసింది. చూసి అక్కడే నిలబడిపోయింది. కపెంబ్వా ముఖంలో నెత్తురు చుక్క లేదు. అతన్ని ఒక్క మాట అనడానికి వీల్లేదు. తిట్టడానికి లేదు, ఏడవడానికి లేదు. చిరుత మేకను చీల్చింది, ఇందులో వింతేముంది అని ఎవరో ముసలావిడ అనాల్సిన మాట అంది, జనం నవ్వాల్సిన నవ్వు నవ్వారు. లోంబే కూడా పెదవులు సాగదీసింది. చిప్ప పట్టుకుని సాంపా చాప వైపు నడిచింది.

పండగ ఆగదు గదా. సాంపాను చాప మీద కూర్చోబెట్టారు, పూసలు వేశారు, విల్లు ఇచ్చారు, నీళ్లు తాగించారు. చిసాలా పాట పాడారు. గొంతులున్నాయి, డప్పులున్నాయి, చిన్న గిటార్లున్నాయి. అందరూ ఆడారు. బేస్ రావాల్సిన ప్రతిచోటా మలామా ఎడంచేతి బొటనవేలు కదిలింది, అక్కడ ఏమీ మోగలేదు. కింద నేల లేని ఇంట్లో నడుస్తున్నట్టు ఉంది అతనికి. ఊళ్లో మిగతావాళ్లకు అంత తేడా తెలియలేదు. అది ఇంకా బాధ.

పాటయ్యాక సాంపా లేచి తిన్నగా మామిడిచెట్టు కిందికి వచ్చాడు. నిన్నటిదాకా మలామాను తాతా అని, మోకాళ్ల మీద కూర్చుని చేతులు చరిచి పలకరించిన పిల్లాడు. ఇవాళ మోకాళ్ల మీద కూర్చోకూడదు. తను చిసాలా. పెద్ద ఆడవాళ్లంతా చూస్తున్నారు. పక్కన చతికిలబడి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక విల్లు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏరా మలామా" అన్నాడు. "బేస్ లేకుండానే కానిచ్చేశారు నా పాట."

మలామా తల దించుకున్నాడు.

"తంతానన్నాను. ఆ రోజు నీళ్లు తాగిస్తూ..." అని, తడబడి, దిద్దుకున్నాడు. "నీళ్లు తాగుతూ అన్నాను. గుర్తుందా? పోనీలే, తన్నను. నాకేం తొందర? నేనెక్కడికీ పోను. ఇంకో తోలు బిగించు. అది మోగిన రోజున మనిద్దరం మళ్లీ పాడుకుందాం."

మలామా కళ్లెత్తి చూశాడు. నున్నటి ముఖం, నల్లటి జుట్టు, నోటినిండా పళ్లు. నిజమే, చిసాలాకు ఇప్పుడు తొందర లేదు. చచ్చినవాడికి కావలసినంత తీరిక దొరికింది. లేనిది తనకే. ఒరేయ్, నీకు కాదురా, నాకు తొందర, నేను ఇంకో చలికాలం చూస్తానో లేదో అని చెప్పబోయాడు. "మే" అన్నాడు. అవునవును అని కొత్త చిసాలా అతని భుజం తట్టి లేచాడు.

పొద్దు వాలాక ఇంటి దగ్గర లోంబే చీలిన తోలు ఊడదీస్తూ కూర్చుంది. కపెంబ్వా ఇంకో మేకతోలు తెచ్చి గుమ్మంలో పెట్టి, ఈసారి పరాచికం ఆడకుండానే వెళ్లిపోయాడు. లోంబే మేకులు పీకుతూ పీకుతూ ఉన్నట్టుండి ఆగింది. పొయ్యి వైపు చూసింది, మామ వైపు చూసింది.

"నిన్న రాత్రి కొరివి పట్టుకున్నది ఇందుకేనా, మావయ్యా? నిప్పు చూపించొద్దనా?"

చెంచా మలామా చేతిలోనే ఉంది, పళ్లెం ముందే ఉంది. చప్పుడు లేదు.

లోంబే కొంగుతో ముఖం తుడుచుకుంది. కాస్త జరిగి అతని దగ్గరగా కూర్చుంది.

"నాకు అడగాలని తోచనివి ఇంకా ఉన్నాయా?"

చప్పుడు లేదు.

"చాలా ఉన్నాయా?"

చప్పుడు లేదు. మలామా లోపల అవన్నీ బారులు తీరి నిలబడ్డాయి. ఏ కర్రతో తీగలు బిగించే బిరడాలు చేస్తే వానాకాలం జారవో, తీగ తెగేముందు ఎలా మూలుగుతుందో, చిసాలా ఊపిరి పీల్చే చోట ఎంతసేపు ఆగాలో, జీవితమంతా పోగేసుకున్నవన్నీ.

"ఏంటవి, మావయ్యా?" అంది లోంబే, అతని చేతిలోని చెంచా వైపు చూస్తూ.